అక్కకు మేం చెప్పని మాట

మా అక్క బన్సీలాల్‌పేట్‌లో ఇరవై ఆరేళ్ళు జాకెట్లు కుట్టింది. ఇంటి ముందు గదే దుకాణం. బోర్డు కూడా ఉండేది కాదు. మనిషి గుమ్మం ఎక్కేలోపే ఛాతీ ఎంత, నడుము ఎంత అని మనసులో లెక్క వేసేసేది. తర్వాత టేపు పెట్టి చూస్తే అర అంగుళం తేడా వచ్చేది కాదు.

అలాంటి మనిషికి తన ఒంటి కొలత తెలియకుండా ఉంటుందా? ఆ ఏడాది తన జాకెట్లకు తనే మూడుసార్లు కుట్లు విప్పి లోపలికి పట్టుకుంది. మూడోసారి పట్టుకున్నాక వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నేను యాప్రాల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆ రోజు ఆదివారం కావడంతో అక్కను చూడడానికి వచ్చి, తోడుగా వెళ్ళాను.

"సారూ, రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోతుంది. ఆరు నెలలల్ల నడుము నాలుగు ఇంచులు తగ్గింది," అని చెప్పింది అక్క.

డాక్టరు నవ్వాడు. "దానికోసం జనం పొద్దున్నే లేచి ఉరుకుతున్రు. నీకు కూసున్న కాడికే వచ్చింది గదమ్మా!"

గ్యాస్ బిళ్ళలు రాశాడు. కారం తగ్గించమన్నాడు. బరువు చూడలేదు. ఆమె పొట్ట మీద చేయి పెట్టలేదు. ఆయన నవ్వితే నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. ఆ గదిలో తెలివున్న మనిషి ఆమె ఒక్కతే.

నాలుగు నెలలు ఆ బిళ్ళలే మింగింది. ఒకరోజు మధ్యాహ్నం మిషను మీదే ముందుకు ఒరిగిపోయింది. మలం నల్లగా వస్తోందని అప్పుడు చెప్పింది. రక్తం సగానికి పడిపోయిందన్నారు. మా బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఎవరినో పట్టుకుని పెద్దాసుపత్రిలో చేర్పించాడు. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, పొట్టకు స్కానింగు చేశారు. వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి.

"పేషెంటును బయట కూర్చోబెట్టి మీరు రండి," అంది నర్సు.

అసలు తప్పు అక్కడే మొదలైంది. కడుపు ఆమెది, రిపోర్టు ఆమెది. బయట ఇనుప కుర్చీలో కూర్చున్నదేమో ఆమె. లోపల కూర్చుని విన్నది మేము. డాక్టరు సగం ఇంగ్లీషులో, పూర్తిగా బావ వైపే తిరిగి చెప్పాడు. కడుపులో కేన్సరు. లివరుకు పాకింది. అక్కడ మచ్చలు ఒకటి రెండు కాదు, చాలా ఉన్నాయి. బావ ప్రతిదానికీ తల ఊపాడు. నేనే కల్పించుకుని, "అంటే ఇప్పుడు రెండు కేన్సర్లా సార్?" అని అడిగాను.

"కాదమ్మా. ఒక్కటే. కడుపులో పుట్టిందే లివరులోకి పోయింది. ఈ దశలో కోసి తీసేస్తే లాభం లేదు. కీమోతో అదుపు చేద్దాం. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

బయటికి వస్తుంటే బావ నా మోచెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు. ఆయన ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఆమెకు చెప్పొద్దు. చెప్పినమంటే గుండె పగిలి ఇప్పుడే సస్తది. అల్సర్ అని చెప్దాం. నీ కాళ్ళు మొక్కుత."

నేను సరే అన్నాను. అబద్ధం చెప్పకూడదని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న దాన్ని, బావ కళ్ళనీళ్ళు చూసి సరే అన్నాను. ఇనుప కుర్చీలోంచి లేస్తూ అక్క, "ఏమన్నడే?" అని అడిగింది. "అల్సరక్కా. జెర పెద్దదే. మందులు ఎక్కించాలట," అన్నాను. ఆమె నా ముఖంలోకి రెండు క్షణాలు చూసింది. "గట్లనా," అంది.

ఆ సాయంత్రం రిపోర్టు తీసుకుని వీధి చివరి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. అక్క ఎవరో ఆయనకు గుర్తు లేదు.

"స్టమక్ కేసులు గిట్లనే ఉంటయమ్మా. మొదట్ల గ్యాస్ లెక్కనే అనిపిస్తది. అప్పుడే దొరికినా లాభం ఉండేదో లేదో ఎవరు చెప్తరు?"

నిజమే, ఎవరూ చెప్పలేరు. నాకు మండింది అందుకే. ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆయన హాయిగా అన్నం తింటాడు. "ఆమె పొట్ట మీద చేయి ఎందుకు పెట్టలేదు? అది చెప్పండి చాలు!" అని అరిచాను. ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు. బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "బయటికి పోయి లొల్లి పెట్టుకో అమ్మా, మాకు లేటయితుంది," అన్నాడు. ఆయనా పొట్ట పట్టుకునే కూర్చున్నాడు.

చికిత్స మూడు వారాలకోసారి. ఆ రోజు సూదితో మందు ఎక్కిస్తారు, తర్వాత రెండు వారాలు ఇంట్లో బిళ్ళలు. మొదటిసారి, "అల్సరుకు పెద్ద సెలైను" అని చెప్పి కూర్చోబెట్టాం. అక్క ఏమీ అడగలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు పక్క మంచంలో ఒకావిడ ఉంది. శ్రీకాకుళం వైపు వాళ్ళట, కొడుకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయిందట. తల మీద జుట్టు లేదు, చీర కొంగు కప్పుకుంది. మాటకారి.

"ఏటమ్మా, నీకెక్కడొచ్చింది?" అని అడిగింది అక్కను.

"ఎక్కడొచ్చుడేంది?"

"కేన్సరమ్మా. నాకు రొమ్ములో. తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చింది."

"నాకు కేన్సర్ కాదు. అల్సర్."

ఆవిడ నా వైపు చూసింది. నేను సెలైను సీసా వైపు చూశాను. అప్పటికైనా ఆవిడ ఊరుకుంటే మా అబద్ధం ఇంకొన్నాళ్ళు బతికేది. ఆవిడ ఊరుకోలేదు. ఆవిడకు నేను ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

"అయ్యో తల్లీ! అల్సరోలికి ఇక్కడ మంచమెందుకిస్తారు? ఈ గదిలో ఉన్నోలందరిదీ ఒకటే జబ్బు."

అక్క మందు అయిపోయే దాకా పైకప్పు చూస్తూ పడుకుంది. ఆటో ఎక్కాక, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఎప్పటి సంది తెల్సు?"

"మొదటి రోజు నుంచి."

"నీకు, నా మొగనికి. ఇంకెవరికి?"

చెప్పాను. బావ అన్నకు, వదినకు, మా ఆయనకు, పక్కింటివాళ్ళకు, వర్క్‌షాపులో నలుగురికి.

"పాలు పోసేటాయనకు?"

పాలాయనకు కూడా తెలుసు. మొన్న గుమ్మంలో నన్ను ఆపి, "లివర్‌కు సుత పోయిందట గదమ్మా," అని అడిగాడు.

"అందరికి తెల్సు," అంది అక్క. "నా కడుపుల ఉన్నది నాకొక్కదానికే తెల్వదు. జాకెట్టు వదులయితుంటే నాకు తెల్వదా ఏదో నన్ను తింటున్నదని? మీరు చెప్తరేమోనని చూసిన. నువ్వన్నా చెప్తవని చూసిన. సదువుకున్నదానివి."

ఆటో డ్రైవరు అద్దంలోంచి మమ్మల్నే చూస్తున్నాడు. "ముందట చూసి నడుపు!" అని అతని మీద అరిచింది. ఇంటికెళ్ళాక నాలుగు రోజులు బావతో మాట్లాడలేదు. ఆయన వండిపెడితే తినలేదు. పక్కింటి నుంచి పెరుగన్నం తెప్పించుకుని తింది. నేను ఫోను చేస్తే ఎత్తి, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేసేది. ఎత్తకుండా ఉండొచ్చు కదా? తను వింటోందని నాకు తెలియాలనీ, ఆ కోపం నాకు వినిపించాలనీ ఎత్తేది.

అయిదో రోజు తనే ఫోను చేసింది. "డాక్టర్ దగ్గరికి పోదాం. ఈసారి నేను లోపల కూసుంట."

డాక్టరు అలవాటు ప్రకారం బావ వైపు తిరిగి మొదలుపెట్టాడు. అక్క బల్ల మీద తట్టింది.

"అటు కాదు సారూ, ఇటు. కడుపు నాది."

ఆయన కొంచెం తడబడ్డాడు. తర్వాత, ఆయన పుణ్యమా అని, కంప్యూటరు పక్కకు జరిపి ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. కడుపు గీశాడు, లివరు గీశాడు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో పెన్నుతో చూపించాడు. అక్క కొత్త డిజైను చూసినట్టు తల వంచి చూసింది.

"తగ్గుతదా?"

"పూర్తిగా పోదమ్మా. చిన్నగ చేయొచ్చు. కొంతకాలం ఆపొచ్చు."

"ఎంత కాలం?"

"ఒక్కొక్కరికి ఒక్కో తీరు. నెలల లెక్కన మాట్లాడాలి. ఏడాది దాటినవాళ్ళను చూశాను. దాటనివాళ్ళను కూడా చూశాను."

అక్క ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "గిది మొదటి రోజే చెప్తే అయిపోతుండె," అంది. గుండె పగల్లేదు. చావలేదు. ఇంటికొచ్చి ఆ రోజు బావ వండిన పప్పుతో అన్నం తింది. మేం ఇంతకాలం కాపాడింది ఆమె గుండెను కాదు, మా పిరికితనాన్ని.

దాంతో బుద్ధి వచ్చి ఉండాల్సింది. రాలేదు. నాలుగోసారి మందు ఎక్కించే ముందు రక్తపరీక్ష చేస్తే లివరు లెక్కలు ఒక్కసారిగా పెరిగిపోయి ఉన్నాయి. మందు వాయిదా వేశారు. "నాటు మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు డాక్టరు. "లేదు సారూ," అంది అక్క. బావ చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక నిలదీశాను. బావ వాళ్ళన్న నేరేడ్‌మెట్‌లో ఉంటాడు. ఎవరో పసరు మందిచ్చే ఆయన దగ్గర్నుంచి రెండు సీసాలు తెచ్చిచ్చాడట. బావ రోజూ దాన్ని మజ్జిగలో కలిపి, అక్కకు చెప్పకుండా తాగించాడు. ఆమె చేదంటే, బిళ్ళల వల్ల నోరు చేదుగా ఉందని నమ్మించాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా వెనకనుంచి ఆ సీసాలు తీసి మోరీలో పోశాను. సరిగ్గా అప్పుడే బావ వాళ్ళన్న, ఆ పెద్దాయనే, వచ్చాడు.

"ఏందమ్మా గది? ఎంతమందికి తగ్గిందో తెల్సా దాంతోని?"

"ఒక్కరిని చూపించండి. ఒక్కరిని తీసుకొచ్చి ఈ గుమ్మంలో నిలబెట్టండి, మళ్ళీ నేనే పోయి సీసా తెస్తా."

"కీమో అంటే విషం. అది ఎక్కిస్తే మంచిది, చెట్ల మందు ఇస్తే తప్పా? ఆడపిల్లవు, పెద్దోళ్ళతోని గట్లనేనా మాట్లాడేది?"

"నాకు యాభై ఏళ్ళు. ఆడపిల్లను కాను. మీ మందు వల్ల మా అక్కకు ఈ వారం ఎక్కాల్సిన మందు ఎక్కలేదు. ఆ వారం మీరిస్తారా?"

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ చావుకే వచ్చాడు. అక్క మంచం మీద నుంచి అంతా వింది. బావను పిలిచింది. అరుస్తుందనుకున్నాను. మెల్లగా అంది.

"నన్ను సంపాలనుకుంటే సంపు. కాని చెప్పి సంపు. దాచిపెట్టి ఏది చేసినా నేనొప్ప."

బావ గోడకు ఆనుకుని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట రాయడానికి కూడా నాకు కోపంగానే ఉంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ తర్వాత అక్క చేతులు పాడయ్యాయి. మొదట్లో చల్లటి నీళ్ళు తగిలితే కరెంటు కొట్టినట్టు ఉందనేది. ఫ్రిజ్ తలుపు ముట్టుకోలేకపోయేది. ఆ తర్వాత వేళ్ళ చివరలు మొద్దుబారాయి. సూది జారిపడినా తెలిసేది కాదు. ఒకరోజు ఎవరిదో పెళ్ళి జాకెట్టు, మీగడ రంగు పట్టుది, హుక్కులు కుడుతూ ఉంది. నేను టీ తీసుకొచ్చేసరికి దాని మీద నాలుగు చోట్ల ఎర్రటి చుక్కలు. వేలికి సూది గుచ్చుకుని రక్తం కారుతోంది. ఆమెకు తెలియదు. కుడుతూనే ఉంది.

"అక్కా, వేలు!"

చూసుకుంది. వేలిని కాదు, జాకెట్టును చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఒకరి బట్ట మీద మరక పెట్టడం అదే మొదటిసారి. జబ్బు పేరు విన్నప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

మర్నాడు డాక్టరు గదిలో రెండు చేతులూ బల్ల మీద పరిచి పెట్టింది.

"ఇది మామూలేనమ్మా, ఈ మందుకు వస్తుంది," అన్నాడు ఆయన.

"ఏది అడిగినా మామూలే అంటున్రు. ఈ చేతులతోని బతికిన సారూ నేను. ఇవి పోతయని ముందుగాల ఎందుకు చెప్పలే?"

"ఒప్పుకోలు పత్రంలో ఉందమ్మా. సంతకం చేశారుగా?"

ఆ పత్రం ఫైలులోంచి తీయించి నేను చదివాను. ఉంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, కాళ్ళూ చేతులూ మొద్దుబారవచ్చని. కింద బావ సంతకం. అక్క సంతకం కోసం ఎవరూ అడగలేదు. ఆమె సంతకం పెట్టగలదా లేదా అని కూడా ఎవరూ అడగలేదు. ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టి అన్నాను: "ఆమె దర్జీ. మీరు ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. మీ చేతులకే ఇలా అవుతుందంటే మీరు అడగకుండా ఎక్కించుకుంటారా?"

ఆయన ఆ కాగితం తన వైపు తిప్పుకుని చదివాడు. "అడగాల్సింది," అన్నాడు చివరికి. ఇన్ని నెలల్లో మాకు ఎదురుపడిన పెద్దమనుషుల్లో తప్పు ఒప్పుకున్నది ఆయనొక్కడే. సూదిమందు ఆపేసి బిళ్ళలు మాత్రం కొనసాగిద్దామన్నాడు. అలా చేస్తే జబ్బు త్వరగా తిరగబడొచ్చని కూడా, ఈసారి అక్కకే, తెలుగులో చెప్పాడు. అక్క ఆలోచించి, "సరే, గట్లనే కానియ్యి సారూ," అంది.

తర్వాతి స్కానులో మచ్చలు చిన్నవయ్యాయి. అయిదు నెలలు మంచిగా గడిచాయి. వేళ్ళకు స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు గానీ, పెద్ద కత్తెర పట్టుకోగలిగింది. తను కత్తిరించేది. నేను బడి అయ్యాక బస్సు పట్టుకుని వచ్చి హుక్కులు, కాజాలు కుట్టేదాన్ని. నా కుట్టు చూసి తిట్టని రోజు లేదు.

"గిది కుట్టా? బస్తా మూతి కుట్టినవా? ఇప్పు."

విప్పేదాన్ని. మళ్ళీ కుట్టేదాన్ని. మా ఇద్దరి జీవితంలో అంత ఎక్కువసేపు పక్కపక్కన కూర్చున్నది చిన్నప్పుడు కాదు, ఆ అయిదు నెలల్లోనే.

చలికాలం చివర్లో పొట్టలో నీరు చేరింది. కళ్ళు పచ్చబడ్డాయి. వేరే రకం మందు ఉందన్నారు. ఒక్కసారి ఎక్కించుకుంది, పది రోజులు మంచం దిగలేదు. పదకొండో రోజు, "ఇగ వద్దు," అంది.

"వద్దంటే ఎట్ల? సస్తవా?" అని బావ అరిచాడు.

"ఎట్లయినా సస్త. ఆసుపత్రి కుర్చీలల్ల కూసోని సావ. ఆ మందు ఇంకొక్కటి ఎక్కిస్తే ఎన్ని దినాలు ఎక్కువొస్తయో డాక్టర్‌ని అడిగిన. చెప్పిండు. నాకు వద్దు. ఈసారి నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

నాకూ కోపం వచ్చింది, అక్క మీద. ఇంకా ప్రయత్నించకుండా ఎందుకు వదిలేస్తావని లోపల్లోపల ఆమెతో పోట్లాడాను. పైకి అనలేదు. మాట ఆమెది, ఇన్నాళ్ళకు ఆమె చేతికి వచ్చిన మాట. దాన్ని నేను లాక్కోలేను. ఇంటికి వచ్చి చూసే నర్సమ్మ నొప్పికి మందు ఇచ్చేది, పొట్టలోంచి నీరు తీయించే ఏర్పాటు చేసేది. అలాంటి సాయం ఒకటి ఉందని మాకు మొదటి నుంచీ ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో ఒక ఆయా చెబితే తెలిసింది.

ఆరు వారాల తర్వాత, ఒక గురువారం పగలు పదకొండింటికి, బావ ఆమె పెదాలకు తడిగుడ్డ అద్దుతుండగా పోయింది. ఊపిరి ఆగిందని ముందు ఆయనకే తెలిసింది. నేను అప్పుడు బడిలో పదో తరగతికి సంధులు చెబుతున్నాను.

దినాల రోజు ఇంటి నిండా చుట్టాలు. విస్తళ్ళ ముందు కూర్చుని అందరిదీ ఒకటే మాట. "ఎంత ఓపికమంతురాలు! గంత పెద్ద తక్లీఫ్‌ల సుత ఒక్క మాట అనలే. నవ్వుకుంట పోయింది మహాతల్లి." ఆ మాట మొదలుపెట్టింది నేరేడ్‌మెట్ పెద్దాయనే. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు.

నేను వడ్డిస్తున్న గరిటె సాంబారు బకెట్లో వేసేశాను. "అన్నది," అన్నాను. "ప్రతి మాటా అన్నది. మీకు వినిపించలేదంతే."

"ఇప్పుడెందుకే గవన్ని," అని మా చిన్నమ్మ నా కొంగు లాగింది. అప్పుడు మూలన గోడకు ఆనుకుని కూర్చున్న బావ, గుండు చేయించుకున్న తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నన్ను రోజూ తిట్టింది. పోయే మూడొద్దుల ముందుదాక తిట్టింది. నాకెందుకు చెప్పలే, నాకెందుకు చెప్పలే అని. నవ్వుకుంట పోయిందని ఎవ్వరనకున్రి. నా పెండ్లాం కోపంతోనే పోయింది."

పెద్దాయన విస్తరి మడిచి లేచాడు. నేను బకెట్లోంచి గరిటె తీసి, కడుక్కొచ్చి, మిగిలినవాళ్ళకు వడ్డించాను.